చేట మీద పాడిన చరణం

ఆ రోజుల్లో, ఆ చెరకు తోటల దీవిలో, రోజ్ హిల్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్ళకి కాఫీ ఇల్లు ఎక్కడని ఒకరిని అడగాల్సిన పని ఉండేది కాదు. ముక్కు ఉంటే చాలు. రైలు కట్ట వెంబడి ఎర్రమట్టి బాట పట్టి, చాకలిరేవు దాటి, జామచెట్ల కంచె దగ్గరికి వచ్చేసరికి వాసనే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. అయితే అది గింజలు వేయించే మంగళ, శుక్రవారాల మాట. మిగతా రోజుల్లో ఆ ఇల్లు కూడా ఆ వరసలోని ఇళ్ళలాంటిదే. గడ్డి కప్పు, తగరపు తలుపు, వాకిట్లో తులసి, వెనక పెరట్లో నాలుగు వంగమొక్కలు.

అందరూ దాన్ని పైడమ్మ ఇల్లనేవారు గానీ పైడమ్మ మాత్రం చచ్చినా ఒప్పుకునేది కాదు. అది వెంకమ్మ ఇల్లు, తన అత్తగారిల్లు. పొయ్యి వెంకమ్మది. మర్మిత్ అనే ఆ మూడు కాళ్ళ ఇనుప కుండ వెంకమ్మది. పట్టుకునే చోట అరిచేతి ఆకారానికి అరిగిపోయిన ఆ చెక్క తెడ్డూ వెంకమ్మదే. ఆ మనిషి పోయి రెండేళ్ళయింది. పంతొమ్మిదో సంవత్సరంలో జ్వరం వచ్చి దీవి దీవంతా ఊడ్చుకుపోయిందే, అప్పుడు పోయింది. పోయే ముందురోజు మంచం మీద లేచి కూర్చుని, తెడ్డు తెప్పించుకుని, కోడలి చేతిలో పెట్టింది.

"పొయ్యి ఆరిపోనీకే పైడీ. పాట తప్పకు. పాట తప్పితే కాఫీ తప్పుద్ది."

అంతే. ఆస్తిపాస్తుల గురించి ఇంకేమీ చెప్పలేదు, చెప్పడానికి ఇంకేమీ లేవు కూడా.

పాట సంగతి చెప్పాలి. వెంకమ్మ పదిహేడో ఏట విశాఖపట్నం రేవులో ఓడెక్కి వచ్చింది. ఐదేళ్ళు చెరకు తోటలో గడ్డి పీకింది. ఆ తర్వాత రోజ్ హిల్‌లో ఒక ఫ్రెంచి దొరగారింట్లో అంట్లు తోమడానికి కుదిరి, అక్కడి క్రియోల్ వంటామె కాఫీ గింజలు వేయిస్తుంటే ఓరకంట చూసి పని పట్టేసింది. ఆ వంటామె గోడ మీద గడియారం చూసుకుంటూ వేయించేది. వెంకమ్మకి గడియారం చూడడం రాదు. ఆవిడ దగ్గరున్నది పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాట, సీతమ్మ అడవికి పోయే పాట. ఓడలో గుడ్డల మూట తడిసింది, ఇత్తడి చెంబు ఎవరో కాజేశారు, పాట ఒక్కటే చెక్కుచెదరకుండా ఒడ్డు చేరింది. దాన్నే గడియారం చేసుకుంది.

ఆ పాటకి ఆరు చరణాలు. ఒక్కో చరణం ఐదేసి సార్లు. సీతమ్మ గడప దాటుతుంటే పచ్చి గింజలు మర్మిత్‌లో పడతాయి. ఊరి పొలిమేర దగ్గరికి వచ్చేసరికి గింజలు పసుపుపచ్చగా మారి తడి గడ్డి వాసన వేస్తాయి. ముళ్ళ దారిలో ఆవిరి లేస్తుంది. నాలుగో చరణంలో సీతమ్మ తల మీదుగా పక్షులు లేస్తాయి, మర్మిత్‌లో గింజలు చిటపటలాడతాయి. ఐదో చరణం వచ్చిందంటే గుప్పెడు ఎర్ర చక్కెర చల్లాలి.

గంగ ఒడ్డున నావ ఎక్కె సీతమ్మ
గుహుడు తెడ్డు వెయ్యగాను కదిలె నమ్మా

ఆరో చరణంలో చక్కెర కరిగి గింజలకి మెరుపు పడుతుంది.

ఆకుటింట పొయ్యి పెట్టె సీతమ్మ
అన్నదమ్ముల ఆకలెరిగిన తల్లమ్మా

ఐదోసారి 'తల్లమ్మా' అనడంతోనే మర్మిత్ కిందికి దిగాలి. అప్పుడు దించితే గింజ నల్లతేనె రంగులో ఉంటుంది. ఇంకాస్త ఉంచితే చక్కెర మాడి విషమైపోతుంది.

ఇది కొలత అని వెంకమ్మ ఏనాడూ నోటితో చెప్పలేదు. చెప్పడానికి ఆవిడకి మాత్రం తెలుసో లేదో. పైడమ్మ దాన్ని కొలత అనుకోలేదు, ప్రార్థన అనుకుంది. రాముడి పాట పాడుతూ చేస్తే ఏ పనైనా బాగా కుదురుతుందని, పాట చెడితే పని చెడుతుందని నమ్మింది. అందులో తప్పేముంది? మనలో చాలామంది అంతకంటే తక్కువ సాక్ష్యంతో చాలా సంగతులు నమ్ముతున్నాం.

పైడమ్మ ఈ దీవిలోనే, మహేబోర్గ్ దగ్గర ఒక తోట కూలీ లైన్లో పుట్టింది. తల్లి ముఖం ఎరగదు. పద్నాలుగో ఏట కోడలిగా వస్తే వెంకమ్మ పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. "నువ్వేటీ సెయ్యొద్దు. ఇను" అంది. ఏడాది పాటు వినడమే పని. ఆ తర్వాత ఒకనాడు తెడ్డు చేతికిచ్చి, వెనక నిలబడి, కోడలి చేతి మీద చెయ్యి వేసి తిప్పించింది. ఆ చేతి గరుకు, ఆవిడ కొంగుకి పట్టిన పొగ వాసన, చెవి పక్కన సన్నటి జీర గొంతు పైడమ్మకి ఎన్నేళ్ళయినా పోలేదు. తల్లి ఒళ్ళో పడుకోవడం అంటే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే పైడమ్మ ఆ పొయ్యిగడ్డే తలచుకునేది.

సరే, ఇప్పుడు జీనెట్ గురించి. స్టేషన్ గేటు పక్కన జీనెట్‌కి ఒక చెక్క బల్ల, రెండు పొడుగు పీటలు ఉండేవి. పొద్దున్నే పోర్ట్ లూయీ రైలెక్కే గుమస్తాలు, బడి పంతుళ్ళు, పోలీసులు అక్కడ రొట్టె ముక్క తిని కాఫీ తాగి పోయేవారు. జీనెట్ తగరపు వడపోత పాత్ర గ్రెగ్‌లో పొడి వేసి, వేడినీళ్ళు చెంచా చెంచాగా పోసి, బొట్టు బొట్టుగా దింపేది. ఆవిడకి యాభై దాటాయి. చిన్నప్పుడు తల్లి బల్ల కింద ఆడుకునే రోజుల నుంచి వెంకమ్మ కాఫీయే తాగింది. ఈ ఇంట్లో వేగిన గింజల్లో ముప్పాతిక వంతు పోయేది జీనెట్ బల్లకే. ఆవిడ వద్దంటే ఇక పొయ్యి రాజెయ్యడం దండగ.

ప్రతి శనివారం మధ్యాహ్నం జీనెట్ పొడి కోసం సంచీ పట్టుకుని వచ్చేది. వంటింటి అరుగు మీద చతికిలబడి ఒక కప్పు తాగేది. తాగి, మూతి తుడుచుకుని, రెండేళ్ళుగా ఒకే మాట అనేది.

"బోన్. మే పా పరే."

బాగుంది, కానీ అదీ ఇదీ ఒకటి కాదు అని. ఎత్తిపొడుపు కాదు, పాపం. ఆవిడ నాలుక అబద్ధం చెప్పదు, అంతే. కానీ ఆ మాట విన్న ప్రతి శనివారమూ పైడమ్మకి అన్నం సహించేది కాదు. అత్త పోయాక అత్తలో మిగిలింది ఈ రుచి ఒక్కటే. అదీ ఒకటి కాదంటే ఇక మిగిలిందేమిటి?

"నాకు తేడా తెలట్లేదే" అనేవాడు సూరన్న. ఆయన పైడమ్మ మొగుడు, స్టేషన్లో సామాన్లు మోసే పని. మంచివాడే గానీ నాలుక్కి మిరపకాయ తప్ప ఇంకేదీ ఆనదు. "టేసన్ గడియారం చూసి ఏయించు. నిమిసం తేడా రాదు."

"గడియారానికి రాముడు తెలుసేటి?" అని పైడమ్మ నోరు మూయించేది.

ఇలా ఉండగా సీతారాం గురువుగారు వచ్చారు. పిటాన్ అనే ఊరి నుంచి. పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పడానికి, భజనలు నడిపించడానికి. చేతిలో ఎప్పుడూ ఒక గళ్ళ నోటుపుస్తకం. ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళకి గుర్తున్న పాటలన్నీ అందులో రాసుకునేవారు. గొప్ప పని. కాకపోతే ఆయనకి ఒక జబ్బు ఉండేది, తప్పు వింటే ఊరుకోలేరు. దేవుడే వచ్చి పాడినా చివర్లో ఒక దిద్దుబాటు చెప్పి పంపే రకం.

శనివారం సాయంత్రం భజనలో, దీపం చుట్టూ ఆడవాళ్ళ వంతు వచ్చినప్పుడు పైడమ్మ సీతమ్మ పాట పాడింది. వేరే పాట ఆవిడకి రాదు. అందరూ తాళం వేశారు. పాట అయ్యాక గురువుగారు నోటుపుస్తకం తిరగేశారు.

"బాగా పాడావమ్మా. కానీ ఒక చరణం వదిలేశావు."

"ఆరేనండి గురువుగారూ. మా అత్త పాడినియ్యి ఆరే."

"ఏడమ్మా. సీతమ్మని నావ ఎక్కించావు. అవతలి ఒడ్డు చేర్చకుండా ఆకుటింట్లో పొయ్యి పెట్టించావు. పాపం ఆ తల్లి గంగ మధ్యలోనే ఉండిపోయిందిగా." నలుగురూ నవ్వారు. ఆయన నవ్వించాలని అనలేదు, నిజంగానే బాధపడ్డారు. "పిటాన్‌లో ఒక ముసలమ్మ నాకు ఇది పూర్తిగా చెప్పింది. ఈ చరణం ఎత్తుగడ వేరు, నెమ్మదిగా కిందికి దిగుతుంది. విను."

నడిమి గంగన తిరిగి చూసె సీతమ్మ
వెనక ఒడ్డు కానరాదు ఓయమ్మా
అమ్మ వాకిట ముగ్గు నేడు ఎవరేసేరో
అడిగి చెప్పే గాలి లేదు ఓయమ్మా

ఇంకొకరైతే నలుగురిలో తప్పు పట్టారని ముఖం మాడ్చుకునేవారు. పైడమ్మ ముఖం వెలిగిపోయింది. రెండేళ్ళుగా తను వెతుకుతున్నది దొరికింది. పా పరే, పా పరే అని జీనెట్ ఎందుకంటోందో తెలిసిపోయింది. పాట తప్పితే కాఫీ తప్పుద్ది అని అత్త చెప్పనే చెప్పింది. తను ఎక్కడో ఒక చరణం పోగొట్టుకుంది, అందుకే రుచి తగ్గింది. ఇంత చిన్న సంగతికి ఎంత ఏడ్చాను అనుకుంది. అక్కడే కూర్చుని, గురువుగారి చేత పదిసార్లు పాడించుకుని, నావకీ ఆకుటింటికీ మధ్య ఆ చరణాన్ని పదిలంగా పెట్టుకుని ఇంటికొచ్చింది.

మంగళవారం తలంటు పోసుకుని పొయ్యి రాజేసింది. గడప దాటింది, పొలిమేర దాటింది, పక్షులు లేచాయి. నావ ఎక్కగానే చక్కెర చల్లింది. ఆ తర్వాత కొత్త చరణం ఐదుసార్లు, నెమ్మదిగా, ఒక్క అక్షరం పోకుండా పాడింది. చక్కెర పొగలు కక్కుతోంది. గింజలు నల్లబడుతున్నాయి. పైడమ్మ చూస్తూనే ఉంది. కానీ పాట మధ్యలో దించడం అనేది ఆ ఇంట్లో లేదు. మంట ఎక్కువైందేమోనని ఒక కట్టె వెనక్కి లాగి, ఆకుటింటి చరణం కూడా ఐదుసార్లు పూర్తిచేసి అప్పుడు దించింది. అలవాటు ప్రకారం చేటలో రెండు ఊపులు ఊపి గోనె మీద పరిచింది. ఆ గింజల్లో మెరుపు లేదు, బొగ్గు నునుపు ఉంది. వాసన గొంతులో గీరుకుంది. కొత్త పాట కదా, కుదురుకోవడానికి ఒక్క రోజు పడుతుంది అని సర్దిచెప్పుకుని దంచి జీనెట్‌కి పంపించింది.

గురువారం జీనెట్ తనే వచ్చింది. ఆవిడ శనివారం తప్ప రాదు. సంచీ అరుగు మీద పెట్టింది. అందులో ఉన్నది మంగళవారం పైడమ్మ పంపిన పొడే. వాళ్ళిద్దరూ ఎప్పుడూ దీవి భాష క్రియోల్లోనే మాట్లాడుకునేవారు.

"మో ఫీ, నా బిడ్డా, ఇది నా బల్ల మీద ఎలా పెట్టను? పోలీసాయన ఉమ్మేశాడు. మా అమ్మ కాలం నుంచి నా బల్ల దగ్గర ఎవరూ కాఫీ ఉమ్మలేదు."

"మంట ఎక్కువైంది మదామ్ జీనెట్. ఈసారి..."

"రెండేళ్ళు ఆగాను. వెంకమ్మ కోసం ఆగాను, నీ కోసం ఆగాను." జీనెట్ కళ్ళు పక్కకి తిప్పుకుంది. "పోర్ట్ లూయీ నుంచి డబ్బాల్లో పొడి వస్తోంది. అది బాగుండదు, కానీ రోజూ ఒకేలా బాగుండదు. వచ్చే శనివారం కాక పై శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నన్ను ఏమీ అనుకోకు."

ఆవిడ వెళ్ళిపోయాక పైడమ్మ పొయ్యి ముందు కూర్చుండిపోయింది. తొమ్మిది రోజులు. పొయ్యి ఆరిపోతే తను మళ్ళీ చెరకు తోటకి గడ్డి పీకడానికి పోవాలి, అది చేసుకోవచ్చు. చేతులున్నాయి. కానీ తెడ్డు చేతిలో పెట్టిన మనిషికి ఏం జవాబు చెప్పాలి?

ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. పాట మీద మాత్రం అనుమానం రాలేదు, అది ఇప్పుడేగా పూర్తయింది. శుక్రవారం జామ కట్టెలు తడిగా ఉన్నాయని కొత్త కట్టెలు కొట్టించింది. మాడాయి. చక్కెర మంచిది కాదేమోనని దుకాణం మార్చింది. మంగళవారం మంట సగానికి తగ్గించింది. ఈసారి మాడలేదు గానీ గింజలు ఉడికినట్టయి, కాఫీ గోనెసంచి కషాయంలా దిగింది. జీనెట్ బల్ల దగ్గర ఎవరి దిష్టో తగిలిందని సూరన్న చేత ఉప్పు, మిరపకాయలు తిప్పించి పొయ్యిలో వేయించింది. ఆ ఘాటుకి ఇల్లంతా దగ్గింది, దిష్టి ఉంటే గింటే అది కూడా దగ్గే ఉంటుంది. సూరన్న మూడుసార్లు గడియారం మాట ఎత్తబోయి, భార్య ముఖం చూసి మూడుసార్లూ మింగేశాడు.

గురువారం పొద్దున్న బస్తా అడుగు కనపడింది. రెండు వాయలకి సరిపడా గింజలు. పోర్ట్ లూయీ నుంచి కొత్త బస్తా రావడానికి ఇంకా పది రోజులు. పైడమ్మ మొదటి వాయ పోసింది. పాట ఎక్కడా తప్పలేదు. గింజలు మళ్ళీ నల్లగా మాడాయి.

ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గింజల మీద కాదు, పొయ్యి మీద కాదు, చచ్చిపోయిన అత్త మీద. అన్నీ నేర్పానని చెప్పి ఏదో ఒకటి దాచుకుని పోయింది అనిపించింది. మర్మిత్ దించి, గింజలన్నీ చేటలోకి కుమ్మరించి, వాటిని పారేసేద్దామని పెరట్లోకి నడిచింది.

పెరట్లో గాలి కొడుతోంది. కోర్‌ద్‌గార్ద్ కొండకీ, గాలికీ వీపు పెట్టి నిలబడింది. ఆ ఇంట్లో చేట పట్టుకున్నవాళ్ళు నిలబడే చోటు అదే, పొట్టు కళ్ళలో పడకుండా. పారెయ్యడానికి వచ్చిన మనిషి పారెయ్యలేదు. కాలుతున్న గింజల్ని చూస్తే చేతులు ఊరుకోవు కదా. చేట పైకి లేచింది, కిందికి దిగింది. పైకి, కిందికి. కోపంగా మొదలైన ఊపు నెమ్మదించింది. పన్నెండు రోజులుగా నోట్లో నానుతున్న చరణం తనంతట తనే బయటికొచ్చింది. మాటలు లేకుండా, ఉత్త రాగమే.

చేట లేచినప్పుడు రాగం లేచింది. చేట దిగినప్పుడు రాగం దిగింది. ఆ రాగం, ఆ ఊపు ఒకదానికొకటి పుట్టినట్టు ఉన్నాయి.

పైడమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆవిడకి ఒక వీపు కనిపించింది. చెమటకి రవిక అంటుకుపోయిన సన్నటి వీపు. ఇదే చోట, ఇదే కొండకి వెనుదిరిగి, పదహారేళ్ళపాటు వారానికి రెండుసార్లు. మర్మిత్ దించిన వెంటనే వెంకమ్మ చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. కోడల్ని రానిచ్చేది కాదు. "నువ్వు పొయ్యి సూసుకో" అనేది. చాలాసేపు చెరిగేది. చెరుగుతూ మూసిన పెదాల వెనక ఏదో మూలిగేది, నెమ్మదిగా కిందికి దిగే రాగం. ఒకసారి పైడమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఏటి పాడతన్నావత్తా?"

"ఏటీ లేదే. గింజలు సల్లారబెడతన్నాను."

అంతే అనుకుంది పైడమ్మ. చల్లారబెట్టడమేగా, దానికంత సేపు ఎందుకని, ముసలావిడ చాదస్తం అనుకుంది. అత్త పోయాక రెండు ఊపులు ఊపి గోనె మీద పరిచేసేది. పైకి చల్లారినట్టు కనపడే గింజల లోపల చక్కెర ఇంకా ఉడుకుతూనే ఉండేది. జీనెట్ నాలుకకి తగిలిన తేడా అదే.

వెంకమ్మకి ఏడో చరణం తెలుసు. తెలిసే పొయ్యి దగ్గర పాడలేదు. సీతమ్మ నడిమి గంగలో వెనక్కి తిరిగి చూసింది. పదిహేడేళ్ళ వెంకమ్మ కూడా ఓడ మీద నుంచి తిరిగి చూసే ఉంటుంది. ఆ మాటలు నోటితో అంటే చెయ్యి ఆగిపోతుంది, చెయ్యి ఆగితే గింజ మాడిపోతుంది. అందుకని ఆ చరణాన్ని అక్కడి నుంచి తీసేసి, పని అంతా అయ్యాక, ఎవరూ చూడకుండా, గాలిలో పెట్టుకుంది. ముందు పొయ్యి, పిల్లల ఆకలి. ఆ తర్వాతే వెనక్కి తిరిగి చూడడం. అప్పుడు కూడా మాటలు మింగేసి రాగమే. వాకిట్లో ముగ్గు ఎవరేశారో అని అడగడానికి ఆవిడకి ఇక్కడ ఎవరున్నారు? కోడలు అడిగితే ఏమీ లేదంది.

పైడమ్మ చేట నేల మీద పెట్టి, వంగమొక్కల మధ్య కూర్చుని ఏడ్చింది. పదహారేళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, ఆ మనిషి పుట్టిన ఊరి పేరు కూడా తను ఒక్కసారి అడగలేదు.

శుక్రవారం పొద్దున్న ఆఖరి వాయ. సూరన్న పనికి పోతూ గుమ్మంలో ఆగాడు. "ఇదీ పోతే ఏటి సేద్దారి?" అన్నాడు.

"పోదు. నువ్వెళ్ళు మావా" అంది పైడమ్మ.

గింజలు పోసింది. గడప, పొలిమేర, ముళ్ళ దారి. పక్షులు లేచాయి, మర్మిత్ చిటపటలాడింది. నావ ఎక్కింది సీతమ్మ, గుప్పెడు చక్కెర పడింది. ఇక్కడ నోరు అలవాటు కొద్దీ నడిమి గంగ వైపు మళ్ళబోయింది. పైడమ్మ పెదవి కొరుక్కుంది. ఇప్పుడు కాదు తల్లీ, కాసేపు ఆగు అనుకుని ఆకుటింట పొయ్యి పెట్టించింది. చక్కెర కరిగింది. గింజల మీద మెరుపు పాకింది. ఐదోసారి 'తల్లమ్మా' అంటూనే మర్మిత్ దించి, చేటలోకి వంచి, పెరట్లోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

కొండకి వీపు. వీపు మీద గాలి. చేట లేచింది. ఆవిడ మూలగలేదు, పాడింది. అత్త మింగేసిన మాటలన్నీ గొంతెత్తి పాడింది, ఐదుసార్లు. అమ్మ వాకిట ముగ్గు నేడు ఎవరేసేరో. పొట్టు గాలికి లేచి కంచె అవతలికి పోయింది. ఐదోసారి పూర్తయ్యేసరికి గింజలు అరిచేతిలో పట్టుకునేంత చల్లబడ్డాయి, ఒకదానికొకటి అంటుకోకుండా గలగలమన్నాయి.

ఆ గొంతు విని కంచె అవతల బాట మీద పోతున్న సీతారాం గురువుగారు ఆగారు.

"పూర్తిగా పాడుతున్నావు, సంతోషం. కానీ అమ్మా, వరస తప్పింది. ఆ చరణం ఆకుటింటి కంటే ముందు రావాలి."

"పుస్తకంలో ముందే ఉండనీండి గురువుగారూ. మా ఇంట్లో ఆకర్నే వస్తది."

"ఎందుకని?"

"సీతమ్మకి అప్పుడే తీరిక దొరికింది."

 గురువుగారు కంచె మీద నోటుపుస్తకం ఆనించి, పెన్సిల్‌తో ఏదో రాసుకున్నారు. ఆయన జీవితంలో ఒకరి తప్పుని అలాగే రాసుకున్నది బహుశా ఆ ఒక్కసారే.

శనివారం మధ్యాహ్నం జీనెట్ వచ్చింది. చేతిలో సంచీ లేదు. అది చూసి కూడా పైడమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. గ్రెగ్‌లో పొడి వేసింది. చెంచా చెంచాగా నీళ్ళు పోసింది. బొట్టు బొట్టుగా కాఫీ దిగింది. స్టేషన్లో ఏదో రైలు వచ్చి పోయింది. పైడమ్మ కప్పు తెచ్చి అరుగు మీద పెట్టి, తలుపు పక్కన నిలబడింది.

జీనెట్ ఒక గుక్క తాగింది. కప్పు దించలేదు. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది. ఆ తర్వాత కళ్ళు తెరిచి, పైడమ్మ వైపు కాదు, వెనక పెరటి తలుపు వైపు చూసింది. చేట పట్టుకుని ఎవరో లోపలికి వస్తారన్నట్టు చూసింది. అలా చూస్తూనే ఉంది. 

"పరే" అంది, అదే ఇది అని.

రెండేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం పైడమ్మ కాచుకుని ఉంది. తీరా విన్నాక ఆవిడ కూడా పెరటి తలుపు వైపే చూసింది. తలుపులోంచి ఎవరూ రాలేదు. వంగమొక్కలు గాలికి ఊగుతున్నాయి. రుచిలో ఏదో తక్కువగా ఉన్నన్నాళ్ళూ ఆ తక్కువే అత్త అన్నట్టు, అది దొరికితే అత్త దొరుకుతుందన్నట్టు లోపల ఎక్కడో నమ్ముకుంది. ఇప్పుడు కాఫీ అదే. మనిషి మాత్రం లేదు. వెంకమ్మ పోయిందన్న సంగతి పైడమ్మకి పూర్తిగా తెలిసింది ఆ శనివారం మధ్యాహ్నమే.

జీనెట్ పక్కకి జరిగి అరుగు మీద చోటిచ్చింది. పైడమ్మ వచ్చి కూర్చుంది. గ్రెగ్‌లో మిగిలిన కాఫీ ఇంకో కప్పులోకి వంపుకుంది. ఇద్దరూ నెమ్మదిగా తాగారు.

"మదామ్ జీనెట్, మా అత్త పుట్టిన ఊరి పేరు మీ అమ్మకి ఎప్పుడైనా చెప్పిందా?" అని అడిగింది పైడమ్మ.

 జీనెట్ కప్పు అడుగున చివరి చుక్క చూసుకుంది.

"చెప్పింది. మా అమ్మ ఆ పేరు పలకలేక నవ్వేది. నేను బల్ల కింద ఉండేదాన్ని. ఆడుకుంటూ వినలేదు."